హమాలీలు ఇరవై ఎనిమిది మంది, కాటా ఒక్కటే: ఎక్కువ కోర్ల కంప్యూటర్ వేగాన్ని దేంతో కొలవాలి?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి లారీ దించడం చూసినవాళ్లకి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు. నలుగురు హమాలీలు గంటలో దించే లోడును ఎనిమిది మంది అరగంటలో దించేయాలి కదా. దించలేరు. బస్తా తూచే కాటా ఒక్కటే, చీటీ రాసే గుమాస్తా ఒక్కడే. కాటా ముందు వరసలో ఉన్న మనిషికి ఎంత బలముంటే ఏం, వంతు వచ్చేదాకా నిలబడాల్సిందే.

నాకు మాత్రం ఇది ఆలస్యంగా తలకెక్కింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్నేహితుడు కంప్యూటర్ కొంటానంటే వెంట వెళ్లాను. కొట్టతను రెండు ప్రాసెసర్లున్న పాత సర్వర్ ముందుపెట్టి, "ఇరవై ఎనిమిది కోర్లన్నా! ఈ రేటుకి ఇంగ యాడ దొరుకుతాది?" అన్నాడు. కోర్ అంటే ప్రాసెసర్ లోపల విడిగా పనిచేయగల లెక్కల భాగం, మన యార్డు లెక్కలో ఒక హమాలీ. టెస్టు కూడా నడిపి చూపించాడు. పక్కనున్న కొత్త ఆరు కోర్ల పెట్టె కంటే దీని స్కోరే ఎక్కువ. కొనమని చెప్పింది నేనే. తీరా ఇంటికి తెచ్చి ప్రాజెక్టు తెరిస్తే, అంతకుముందున్న కంప్యూటర్‌కీ దీనికీ తేడా కనిపెట్టడానికి గడియారం చూసుకోవాల్సి వచ్చింది. కొట్టతను అబద్ధమాడలేదు, స్కోరూ నిజమే. మేం అడగాల్సింది అడగలేదు, అంతే.

అప్పటి నుంచి ఎవరు అడిగినా కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు కొలబద్ద ఎంచుకోండి అంటున్నాను. కొలబద్దలు బజారులో అరడజను దాకా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో యంత్రాన్ని గెలిపిస్తుంది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే పెద్దది ఇది: మీకు కావాల్సింది ఒక పని త్వరగా ముగియడమా, గంటకు ఎక్కువ పనులు ముగియడమా? ఒకే లారీ ఎంతసేపట్లో దిగుతుందన్నది ఒక వేగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా యార్డులో ఎన్ని లారీలు దిగాయన్నది ఇంకో వేగం. పది కాటాలు, పది జట్లు ఉంటే రెండోది పదింతలవుతుంది, మొదటిది వీసమంత కూడా మారదు. ఎక్కువ కోర్ల యంత్రాల మీద జరిగే వాదనల్లో చాలా మటుకు, ఒకరు మొదటి వేగం గురించీ ఇంకొకరు రెండో వేగం గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు.

తర్వాత చూడాల్సింది, ఆ కొలత చేసే పని మీ పనిని పోలి ఉందా అని. మూడోది మెమరీ. కోర్లు ఎన్నున్నా వాటికి సరుకు అందించే దారి ఇరుకైతే అవి చేతులు ముడుచుకుని కూర్చుంటాయి. నాలుగోది వేడి. ఒక్క నిమిషం పరుగెత్తించి ఆపే పరీక్షలో ఏ ప్రాసెసరైనా వీరుడే. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లలో, మధ్యాహ్నం రెండు గంటలకి, ఏసీ లేని గదిలో, ఇరవయ్యో నిమిషానికి దాని వేగం ఎంత? ఐదోది, ఆ కొలతను మీరే చేసి చూసుకోగలరా, లేక ఎవరో చెప్పింది నమ్మాలా?

అట్టపెట్టె మీది అంకెలు

గిగాహెర్ట్జ్‌ను, అంటే ప్రాసెసర్ గడియారం (క్లాక్) సెకనుకు ఎన్ని వంద కోట్ల సార్లు కొడుతుందో ఆ అంకెను, కోర్ల సంఖ్యతో గుణించి చూడటం అందరికీ అలవాటు. ఇంకాస్త చదువుకున్నవాళ్లు ఒక్కో క్లాక్‌కి ఎన్ని దశాంశ లెక్కలు చేయగలదో కూడా కలిపి గిగాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని వంద కోట్ల లెక్కలని) తేలుస్తారు. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ5-2680 వి4 తీసుకోండి. 2016లో వచ్చిన 14 కోర్ల చిప్, బేస్ వేగం 2.4 గిగాహెర్ట్జ్. రెండు చిప్‌లంటే 28 కోర్లు. కోర్‌కి క్లాక్‌కి 16 లెక్కల చొప్పున 28 × 2.4 × 16, అంటే 1,075 గిగాఫ్లాప్స్. కాగితం మీద బ్రహ్మాండం. ఇది దాటలేని హద్దు మాత్రమే. ఇంతకంటే ఎక్కువ రాదని హామీ ఇస్తుంది, ఇంత వస్తుందని కాదు. పైగా లెక్కలతో నిండిన బరువైన పనిలో ఆ చిప్ 2.4 కంటే కిందికి దిగొచ్చు.

పాత పుస్తకాల్లో మిప్స్ అని కనిపిస్తుంది, సెకనుకు ఎన్ని మిలియన్ ఆదేశాలని. వ్యాక్స్-11/780 అనే యంత్రాన్ని ఒక మిప్స్‌గా పెట్టుకుని మిగతావాటిని దాంతో తూచేవారు. ఒక రకం ప్రాసెసర్ రెండు ఆదేశాల్లో చేసే పనికి ఇంకో రకానికి ఐదు పడితే, ఐదు చేసిందే గొప్పదని తేలుతుంది. ఈ కొలతను పక్కన పెట్టేయొచ్చు.

థ్రెడ్ల అంకె చూసి కూడా మోసపోవద్దు. 28 కోర్లు, 56 థ్రెడ్లు అంటే 56 మంది హమాలీలని కాదు. ఒక్కో హమాలీకి రెండు బస్తాలు పక్కన పెట్టి, ఒకటి అందేలోపు రెండోది ఎత్తమనడం. కొంత లాభం ఉంది, రెండింతలు మాత్రం కాదు.

కొట్టులో చూపించే స్కోర్లు

సినీబెంచ్ అనే టెస్టు ఒక త్రీడీ బొమ్మను ముక్కలు చేసి కోర్లకు పంచుతుంది. ఏ ముక్కకీ ఇంకో ముక్కతో పని లేదు, మెమరీ మీదా భారం తక్కువే. అంటే కాటాలే లేని యార్డు అన్నమాట. కోర్లు ఎక్కువున్న యంత్రం ఇక్కడ గెలవక ఎక్కడ గెలుస్తుంది? మాకు కొట్టులో చూపించిన స్కోరు సరిగ్గా ఇలాంటిదే. మీరు త్రీడీ రెండరింగ్ చేసేవారైతే మాత్రం ఇంతకంటే మంచి కొలత లేదు. ఆర్23 వెర్షన్ నుంచి పరీక్షను పది నిమిషాలు ఆపకుండా నడిపే పద్ధతి పెట్టారు, వేడికి ఎవరు తలవంచుతారో కొంతవరకు బయటపడుతుంది.

గీక్‌బెంచ్ అనే ఇంకో టెస్టు 2023లో ఆరో వెర్షన్ తెచ్చినప్పుడు ఒక మంచి పని చేసింది. అంతకుముందు ఒక్కో కోర్‌కి ఒక్కో విడి పని ఇచ్చి మొత్తం కూడేది. ఇప్పుడు ఒకే పనిని కోర్లన్నీ కలిసి చేసేలా మార్చింది. దాంతో కోర్లు మరీ ఎక్కువున్న యంత్రాల స్కోర్లు మునుపటంత గొప్పగా కనిపించడం మానేశాయి. కొందరికి ఇది మింగుడుపడలేదు గానీ, ఇంట్లో వాడే కంప్యూటర్‌కి ఇదే న్యాయమైన పద్ధతని నాకనిపిస్తుంది. దీని లోపమల్లా పరీక్షల మధ్య విరామాలిచ్చి ప్రాసెసర్‌ను చల్లబడనివ్వడం.

ఫైళ్లు కుదించే సెవెన్-జిప్ ప్రోగ్రాం లోపలే ఉన్న చిన్న పరీక్ష ఉచితం, రెండు నిమిషాల్లో అయిపోతుంది. సెకండ్ హ్యాండ్ యంత్రం చూడటానికి వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లండి.

స్పెక్

1988లో ఏర్పడిన స్పెక్ సంస్థ కొలతలు సర్వర్లు కొనేవాళ్ల ప్రమాణం. సీపీయూ 2017 పేరుతో 43 పరీక్షలు, నాలుగు గుంపులుగా ఉంటాయి. నాకు వీళ్లలో నచ్చేది, నేను పైన చెప్పిన రెండు వేగాలనూ వీళ్లు మొదటే విడదీశారు. స్పెక్‌స్పీడ్ ఒక పని ఎంతసేపట్లో ముగుస్తుందో చూస్తుంది. స్పెక్‌రేట్ ఒకే ప్రోగ్రాం ప్రతులు చాలా ఒకేసారి నడిపి, ఇంత సమయానికి ఎంత పని తేలిందో చూస్తుంది. అమ్మేవాళ్లు ఏది చూపిస్తారో చెప్పక్కర్లేదు, రేటే.

స్కోర్లు కలిపే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. యంత్రం 'అ' ఒక పరీక్షలో 'ఆ' కంటే రెండింతల వేగం, ఇంకో పరీక్షలో సగం వేగం అనుకోండి. 2, 0.5 కలిపి సగటు తీస్తే 1.25, 'అ' గెలిచింది. ఇప్పుడు 'ఆ' వైపు నుంచి లెక్కేయండి. దానికీ 1.25 వస్తుంది. ఒకరికంటే ఒకరు పాతిక శాతం గొప్ప! అందుకే స్పెక్ గుణమధ్యమం (కూడి భాగించకుండా, గుణించి మూలం తీసే సగటు) వాడుతుంది, రెండు వైపుల నుంచి లెక్కేసినా ఒకే జవాబు వస్తుంది. యూట్యూబ్ రివ్యూల్లో "సగటున ఇంత శాతం ఎక్కువ" అన్నప్పుడు ఇది గుర్తుచేసుకోండి.

ఈ పరీక్షలు కొని నడపాలంటే డబ్బూ గంటల సమయమూ కావాలి. ప్రచురించిన ఫలితాలు చూసుకోవడం మాత్రం ఉచితం. కాలేజీ ల్యాబ్‌కి టెండర్ రాసేవాళ్లకి అది చాలు.

లిన్‌ప్యాక్, స్ట్రీమ్

కంప్యూటర్ శాస్త్రవేత్త జాక్ డొంగారా మొదలుపెట్టిన లిన్‌ప్యాక్ ఒక పెద్ద సమీకరణాల గుంపును సాధిస్తుంది. 1993 నుంచి ఏటా రెండుసార్లు వచ్చే టాప్500 సూపర్ కంప్యూటర్ల పట్టికకి ఇదే ఆధారం. ప్రాసెసర్‌కి బాగా అనువైన పని ఇది, సరుకు ఒకసారి దగ్గరికి తెచ్చుకుంటే చాలాసేపు దానిమీదే లెక్కలు చేసుకోవచ్చు. నిజమైన శాస్త్రీయ పనులు ఇంత సుఖంగా ఉండవు. జపాన్ సూపర్ కంప్యూటర్ ఫుగాకు లిన్‌ప్యాక్‌లో 442 పెటాఫ్లాప్స్ (ఒక్కోటి పది లక్షల గిగాఫ్లాప్స్) తెచ్చుకుంది. మెమరీని ఎక్కువగా తడిమే హెచ్‌పీసీజీ పరీక్షలో అదే యంత్రానికి వచ్చింది 16. ఇరవై ఏడింతల తేడా, అదీ ఒకే యంత్రంలో.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో స్ట్రీమ్ చూపిస్తుంది. జాన్ మెకాల్పిన్ రాసిన చిన్న ప్రోగ్రాం, మెమరీ నుంచి సెకనుకు ఎన్ని గిగాబైట్లు వస్తున్నాయో కొలుస్తుంది. డీడీఆర్4-3200 రకం ర్యామ్ ఒక ఛానెల్‌కి (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఒక దారికి) 25.6 గిగాబైట్లు ఇస్తుంది, మామూలు డెస్క్‌టాప్‌లో రెండు ఛానెళ్లు, మొత్తం 51.2. పైన చెప్పిన జియాన్‌లో చిప్‌కి నాలుగు ఛానెళ్లు, 2400 మెమరీతో చిప్‌కి 76.8, రెండింటికీ కలిపి 153.6. ఇక్కడ పాత సర్వరే రాజు.

ఒక జాగ్రత్త ఉంది. ఆ ఎనిమిది ఛానెళ్లలోనూ ర్యామ్ ముక్కలుంటేనే ఈ లెక్క. సెకండ్ హ్యాండ్ బజారులో 64 జీబీ అని చెప్పి రెండే రెండు 32 జీబీ ముక్కలు గుచ్చి ఇస్తారు. అప్పుడు ఒక్కో చిప్‌కి దక్కేది 19.2 మాత్రమే. మూత తీయించి లెక్కపెట్టండి. ఇంకోటి, రెండు చిప్‌ల యంత్రంలో ఎవరి మెమరీ వాళ్ల పక్కనే ఉంటుంది. ఒకరి గోదాములోది ఇంకొకరికి కావాలంటే మధ్యలో సందు దాటాలి, ఆలస్యమవుతుంది. ఈ సంగతి తెలియని ప్రోగ్రాంలు ఆ సందులోనే సగం రోజు గడుపుతాయి.

మీ పని, మీ గడియారం

నా ఓటు దీనికే. మీరు రోజూ చేసే పనిని ఒక కోర్‌తో, రెండుతో, నాలుగుతో, ఎనిమిదితో నడిపి సమయం రాసుకోండి. విండోస్‌లో టాస్క్ మేనేజర్ డిటైల్స్ పేజీలో ప్రోగ్రాం మీద రైట్ క్లిక్ చేసి సెట్ అఫినిటీలో కోర్లు ఎంచుకోవచ్చు. లినక్స్‌లో టాస్క్‌సెట్ ఉంది. అక్కడే టైమ్ కమాండ్ ఇచ్చే రియల్, యూజర్ అంకెల్లో రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తే, సగటున ఎన్ని కోర్లు పనిలో ఉన్నాయో తెలుస్తుంది. ఎనిమిది కోర్ల యంత్రంలో ఆ జవాబు 1.3 వస్తే మీరింక కోర్ల గురించి ఆలోచించడం మానేయొచ్చు.

ఇలా వచ్చిన అంకెల నుంచి మీ పనిలో కాటా వాటా ఎంతో లాగొచ్చు. ఒక కోర్‌తో 100 నిమిషాలు, ఎనిమిదితో 25 నిమిషాలు పట్టిందనుకోండి. వేగం నాలుగింతలైంది. 1990లో కార్ప్, ఫ్లాట్ అనే ఇద్దరు ఇచ్చిన సూత్రం ప్రకారం (1/4 − 1/8) ÷ (1 − 1/8), అంటే 0.143. ఇందులో 4 పెరిగిన వేగం, 8 కోర్ల సంఖ్య. పనిలో 14 శాతం వరసగా నడవాల్సిందే అన్నమాట. నాలుగు కోర్లతో 36 నిమిషాలు పట్టి ఉంటే అప్పుడూ దాదాపు ఇంతే వస్తుంది, అంటే తప్పు పనిలోనే ఉంది. నాలుగు కోర్ల దగ్గర 5 శాతం, ఎనిమిది దగ్గర 12 అని పెరుగుతూ పోతే హమాలీలు ఒకరినొకరు గుద్దుకుంటున్నారు, లేదా మెమరీ దారి ఇరుకు.

ఒక్క కోర్ నడిచేటప్పుడు ప్రాసెసర్ టర్బోతో ఇంకాస్త వేగంగా పరుగెడుతుంది కాబట్టి ఆ 14లో ఒకటి రెండు శాతం టర్బో ఖాతాలో వేసేయండి.

| కొలత | ఏ వేగం | మెమరీ భారం | వేడి బయటపడుతుందా | మీరే చేయొచ్చా |
|---|---|---|---|---|
| పెట్టె మీది అంకెలు | రెండూ కాదు | లేదు | లేదు | గుణకారమే |
| సినీబెంచ్ | ఒక పని, కానీ సులువుగా ముక్కలయ్యేది | తక్కువ | పది నిమిషాలు నడిపితే | అవును |
| గీక్‌బెంచ్ 6 | ఒక పని, కోర్లు కలిసి | మధ్యస్తం | లేదు | అవును |
| స్పెక్‌స్పీడ్ | ఒక పని | ఎక్కువ | అవును | కష్టం |
| స్పెక్‌రేట్ | చాలా పనులు | ఎక్కువ | అవును | కష్టం |
| లిన్‌ప్యాక్ | ఒక పెద్ద లెక్క | తక్కువ | బాగా | అవును |
| స్ట్రీమ్ | మెమరీ దారి మాత్రమే | అదే పని | లేదు | అవును |
| మీ పని | మీకు కావాల్సింది | మీ పనిలో ఉన్నంత | మీరు నడిపినంత | అవును |

ఆరు కొత్త కోర్లా, ఇరవై ఎనిమిది పాత కోర్లా?

ఇప్పుడు మేం కొట్టులో వేయాల్సిన లెక్క వేద్దాం. ఒకవైపు 2022లో వచ్చిన కోర్ ఐ5-12400, ఆరు కోర్లు. ఇంకోవైపు 28 కోర్ల జంట జియాన్. లెక్క సులువు కోసం కొత్త కోర్ ఒక్కోటి పాత కోర్‌కి రెండింతల వేగమని పెట్టుకుందాం, వాస్తవానికి అది దూరమేం కాదు. ఒక పాత కోర్ మీద 100 నిమిషాలు పట్టే పనిని రెండింటికీ ఇద్దాం. కంప్యూటర్ డిజైనర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రమే ఇది: వరసగా నడిచే భాగం అలాగే ఉంటుంది, పంచుకోగల భాగం మాత్రమే కోర్ల సంఖ్యతో భాగమవుతుంది.

| వరసగా నడిచే వాటా | 6 కొత్త కోర్లు (నిమిషాలు) | 28 పాత కోర్లు (నిమిషాలు) |
|---|---|---|
| 2 శాతం | 9.2 | 5.5 |
| 10 శాతం | 12.5 | 13.2 |
| 20 శాతం | 16.7 | 22.9 |
| 50 శాతం | 29.2 | 51.8 |

దాదాపు 9 శాతం దగ్గర తక్కెడ సమంగా నిలుస్తుంది. అంతకంటే ఎక్కువైతే ఆరు కోర్లదే గెలుపు, తక్కువైతే ఇరవై ఎనిమిదిదే. ఇక ఒకదాంతో ఒకటి సంబంధం లేని విడి పనులు బోలెడుంటే, ఆరు కొత్త కోర్లు పన్నెండు పాత కోర్లతో సమానం కాబట్టి 12కి 28, పాత సర్వర్ 2.3 రెట్లు పని తేలుస్తుంది. కొట్టులో మేం చూసింది ఈ చివరి అంకె. మా వాడి పని ఉన్నది పట్టికలో కింది వరసల్లో.

ఎవరికి ఏది

వీడియో స్టూడియో వాళ్లు కోర్లు లెక్కపెట్టే ముందు ఇంకోటి చూడాలి. ఐ5-12400 లోపల వీడియోను కుదించడానికి వేరే సర్క్యూట్ ఉంది. పేరు చివర ఎఫ్ ఉన్న రకంలో లేదు, ఆ జియాన్‌లోనూ లేదు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని వాడుకోగలిగితే ఎక్స్‌పోర్ట్ సమయం కోర్ల చేతిలోనే ఉండదు. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ లాగడంలాంటి పనుల్లో ఎక్కువగా ఒక్క కోర్ వేగమే కనిపిస్తుంది. మీరు కొలవాల్సింది మీ సొంత ప్రాజెక్టు ఎక్స్‌పోర్ట్, అదీ పెళ్లి మొత్తం, మూడు నిమిషాల టీజర్ కాదు.

కాలేజీ ల్యాబ్ సంగతి పూర్తిగా వేరు. అరవై మంది పిల్లలు ఒకే సర్వర్‌లోకి లాగిన్ అయి ఎవరి ప్రోగ్రాం వాళ్లు కంపైల్ చేస్తుంటే అవి అరవై విడి లారీలు. స్పెక్‌రేట్ చూడండి, ఎక్కువ కోర్లు కొనండి, నేను పైన ఏడ్చినదంతా మరిచిపోండి.

అనంతపురం, ఇడుపులపాయ, కర్నూలు క్యాంపస్‌లలో గాలి ప్రవాహం, ఉష్ణప్రసారంలాంటి సిమ్యులేషన్లు చేసే ప్రాజెక్టు విద్యార్థులకి స్ట్రీమ్ ముఖ్యం. ఎనిమిది ఛానెళ్లూ నిండిన పాత సర్వర్ ఇక్కడ నిజంగా చవకబేరం. ఇంకో మాట కూడా మీకు అనుకూలం. పెద్ద యంత్రం దొరికితే మీరు పాత లెక్కనే త్వరగా చేయరు, ఇంకా సన్నని గడులతో పెద్ద లెక్క పెడతారు. అప్పుడు వరస పని వాటా చిన్నదైపోతుంది. జాన్ గుస్తాఫ్‌సన్ 1988లో చెప్పింది ఇదే. అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో 1,024 ప్రాసెసర్ల యంత్రం మీద వెయ్యింతలు దాటిన వేగాన్ని ఆయన బృందం చూపించింది. లారీ ఒక్కటే అయితే ఆమ్‌డాల్ మాట, లారీలు వస్తూనే ఉంటే గుస్తాఫ్‌సన్ మాట.

పద్దులు రాసే ఆఫీసుకి, బిల్లులు కొట్టే షాపుకి ఇవేవీ అక్కర్లేదు. ఒక్క కోర్ స్కోరు చూసి, ఎస్ఎస్‌డీ ఉందో లేదో చూసి తెచ్చుకోండి.

కరెంటు సంగతి రెండు మాటల్లో: ఆ జంట జియాన్ల రేటింగ్ 120 వాట్ల చొప్పున 240, ఐ5 బేస్ రేటింగ్ 65. యూపీఎస్ కొనేటప్పుడు కూడా ఈ తేడా జేబుకి తగులుతుంది. ఫ్యాన్ల మోతకి మాత్రం రేటింగ్ లేదు, పక్కగదిలో పడుకునేవాళ్లని అడగాలి.

కొట్టుకి వెళ్లేటప్పుడు

మీ ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో కాకుండా ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో తీసుకెళ్లండి, లేకపోతే పెన్‌డ్రైవ్ వేగాన్ని కొలిచి వస్తారు. కొట్టులో ఏసీ ఉంటే కనీసం ఇరవై నిమిషాలు నడిచే పని పెట్టండి. మూడుసార్లు నడపండి. మొదటిసారి డిస్క్ నుంచి చదవడానికే ఎక్కువ సమయం పోతుంది కాబట్టి దాన్ని వదిలేసి మిగతా రెండూ రాసుకోండి. ఆ రెండింటికీ మధ్య తేడా పది శాతం దాటితే వెనకాల ఇంకేదో నడుస్తోంది, లేదా వేడెక్కుతోంది. ఎందుకో కనుక్కోకుండా డబ్బు తీయొద్దు.

కొట్టతను కొంచెం విసుక్కుంటాడు. కిందటిసారి నేను గంటసేపు కూర్చుంటే, "ఏమన్నా, ప్రాసెసర్ కొంటాండవా, పెండ్లి సంబంధం చూస్తాండవా" అన్నాడు. టీ మాత్రం తెప్పించాడు.